నీట మునిగిన లారీ ఇంజిను: విప్పి బాగుచేయాలా, మార్చేయాలా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. రోడ్డు పక్కన ఆపి ఉంచిన లారీలూ వాటితోపాటే మునిగాయి. ఆ నెలలో నేను దగ్గరుండి చూసిన లారీల్లో రెండు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి డ్రైవరు సీటు దాకా నీళ్లలో రెండు రోజులు నిలబడిపోయింది. రెండోది మునగనే లేదు. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోంచి దూసుకుపోతూ మధ్యలో ఆగిపోయింది, అంతే. మొదటిదాన్ని విప్పి బాగుచేస్తే ఇంకా తిరుగుతోంది. రెండోదానికి ఇంజినే మార్చవలసి వచ్చింది.

ఎంత లోతు నీళ్లలో ఉంది అన్నది కాదు ఇక్కడ అసలు ప్రశ్న. నీళ్లు తగిలినప్పుడు ఇంజిను తిరుగుతోందా, ఆగిన తర్వాత ఎవరైనా సెల్ఫ్ కొట్టారా, తెరవడానికి ఎన్ని రోజులు పట్టింది? ఈ మూడింటికీ జవాబులు తెలిశాక బ్లాకు (సిలిండర్లుండే ఇంజిను పెద్ద దిమ్మ), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొలతలు చూడాలి. అవి చేతికి రాకముందే ‘మార్చేద్దాం’ అనే మెకానిక్‌నూ నమ్మకండి, ‘ఏమీ కాలేదు, ఆయిల్ మారిస్తే చాలు’ అనే మెకానిక్‌నూ నమ్మకండి.

మొదట: తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి

బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి కాబట్టి ఛాసిస్‌కు వెళ్లే వైరు ఏదో చూసి అదే విప్పండి. ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అనే కోరిక అందరికీ పుడుతుంది. దాన్ని ఎందుకు ఆపుకోవాలో ఒక చిన్న లెక్క చెబుతుంది.

మన రోడ్ల మీద బాగా కనిపించే 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను తీసుకోండి. ఒక్కో సిలిండరు దాదాపు 980 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17కు 1 అటూ ఇటూ. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ సుమారు 60 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే చిన్న గ్లాసుడు టీ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ కాసిని నీళ్లు సిలిండర్లో ఉండగా పిస్టన్ పైకి వస్తే ఏదో ఒకటి లొంగాలి. చాలాసార్లు లొంగేది పిస్టన్‌ను క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు.

సెల్ఫ్ మోటారుకు ఉండే బలానికే రాడ్డు వంగవచ్చు. ఇంజిను వేగంగా తిరుగుతుండగా నీళ్లు మింగితే వంగడం దాదాపు ఖాయం. టోచన్ (ఇంకో బండితో లాగే గొలుసు) కట్టి గేరులో లాగి స్టార్ట్ చేయడం ఇంకా ప్రమాదం. గ్యారేజీకి లాక్కెళ్లేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. వీలైతే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా విప్పండి.

విప్పకముందే బీమా కంపెనీకి చెప్పండి

నీటి గీత కనిపించేలా లారీ నాలుగు వైపులా, క్యాబిన్ లోపల, ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఫొటోలు తీయండి. కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకోండి. సర్వేయరు చూడకముందు ఒక్క బోల్టు విప్పినా తర్వాత గొడవే. ఆయన రావడం ఆలస్యమైతే, తుప్పు పట్టకుండా ఆయిల్ తీసేస్తున్నామని, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పుతున్నామని రాతపూర్వకంగా, మెయిల్లోనో వాట్సాప్‌లోనో, తెలియజేసి పని మొదలుపెట్టండి. తీసిన ఆయిల్‌ను, నీళ్లను ఒక డబ్బాలో దాచండి.

వరద నష్టం సమగ్ర పాలసీలో ఉంటుంది. నీళ్లున్న ఇంజిన్‌ను తిప్పడం వల్ల వంగిన రాడ్డును మాత్రం ‘పర్యవసాన నష్టం’ అని కంపెనీలు పక్కన పెడతాయి. ఇంజిను రక్షణకు అదనపు కవరు విడిగా తీసుకుని ఉంటే తప్ప అది రావడం కష్టం. తరుగు కోత కూడా ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, లోహపు భాగాలకు బండి వయసును బట్టి. 5 నుంచి 10 ఏళ్ల బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. మొత్తం మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కకడతారు. పాత బండి విషయంలో ఇంజిను గురించి ఆలోచించేముందే ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి. ఒక్కోసారి బాగుచేయడమా మార్చడమా అన్న ప్రశ్నే పోతుంది.

నీళ్లు ఏ దారిన వెళ్లాయి?

ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. కాగితం పొడిగా ఉండి, డబ్బా అడుగున బురద లేకపోతే నీళ్లు ఆ దారిన రాలేదు. కాగితం తడిసి మెత్తబడినా, లోపలి గొట్టంలో మట్టి గీత కనిపించినా ఇంటర్‌కూలర్ కింది గొట్టం ఊడదీసి చూడండి. బకెట్టుడు నీళ్లు పడిన సందర్భాలున్నాయి.

పైన చెప్పిన రెండో లారీలో ఫిల్టర్ కాగితం చిరిగి గుజ్జయిపోయింది. గాలి పీల్చే గొట్టం నోరు క్యాబిన్ వెనుక మనిషెత్తున ఉంది, నీళ్లు అంత ఎత్తు రాలేదు. మరి ఎలా వెళ్లాయి? క్యాబిన్ ముందుకు వంచేటప్పుడు విడిపోయే జాయింటు దగ్గర రబ్బరు బూటు చిరిగి ఉంది. ముందు టైరు ఎగజిమ్మిన నీళ్లు అక్కడినుంచి నేరుగా లోపలికి. నాలుగు వందలు పెట్టి మార్చాల్సిన బూటు అది.

తర్వాత డిప్ స్టిక్. ఆయిల్ టీ రంగులోకి తిరిగి చిక్కబడితే నీళ్లు కలిసి చిలికినట్టు, అంటే ఇంజిను నీళ్లతో తిరిగింది. ఆయిల్ రంగు మారకుండా మట్టం మాత్రం పెరిగితే నీళ్లు చేరి అడుగున నిలిచాయి, ఇంజిను తిరగలేదు. ఇది మంచి కబురు. సంపు (ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టును పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. మొదటి అర లీటరును ఖాళీ నీళ్ల సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే వాటా ఎంతో కంటికే తెలుస్తుంది.

అనుమానం మిగిలితే ఒక రేకు ముక్కను బాగా వేడిచేసి దాని మీద ఆయిల్ చుక్క వేయండి. నీళ్లుంటే పోపులో ఆవాలలా చిటపటలాడుతుంది, లేకపోతే మెల్లగా పొగ వస్తుంది. ముఖం కాస్త దూరంగా పెట్టుకోండి.

డీజిల్ ట్యాంకును మరవకండి. ట్యాంకు గాలి రంధ్రం మునిగి ఉంటే అడుగున నీళ్లుంటాయి. వాటర్ సెపరేటర్ గిన్నె విప్పి చూడాలి. గేర్‌బాక్సు, వెనుక ఇరుసు మధ్యలోని క్రౌన్ హౌసింగులకూ గాలి రంధ్రాలుంటాయి కాబట్టి వాటి ఆయిల్ కూడా చూడాలి. ఇంజిను గొడవలో పడి క్రౌన్‌ను మరచి, రెండు నెలల తర్వాత దాని బిల్లు కట్టినవాళ్లు చాలామంది.

వరద ఏమీ లేకుండానే ఆయిల్‌లో నీళ్లు కనిపిస్తే దారి వేరు. అది రేడియేటర్ నీళ్లు. ఆయిల్ కూలర్, హెడ్ గ్యాస్కెట్, లైనర్ (పిస్టన్ జారే గొట్టం) కింది రబ్బరు రింగులు, హెడ్ పగులు అన్న వరసలో వెతకాలి. కూలర్ పగిలినందుకు ఇంజిను మొత్తం మార్చడానికి సిద్ధపడిన ఓనరును చూశాను, అందుకే ఈ మాట.

చేత్తో తిప్పి చూడటం

నాజిళ్లన్నీ తీసేయండి. ఇప్పుడు సిలిండర్లలో ఉన్నది బయటికి రావడానికి దారి దొరికింది. ఫ్లైవీల్ దగ్గర తిప్పే పనిముట్టుతోగాని, ముందు పుల్లీ బోల్టుకు పొడవాటి పానా వేసిగాని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నాజిల్ రంధ్రాల ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, బురద నీళ్లు పిచికారీలా వస్తాయి.

చేతికి తెలిసేది ఇక్కడ చాలా ఉంది. రెండు చుట్లూ ఒకే బిగువుతో తిరిగితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక చోట బిగుసుకుని, బలం పెడితే దాటితే రాడ్డు వంగి పిస్టన్ అంచు లైనర్‌కు ఒరుసుకుంటూ ఉండవచ్చు, లేదా రింగులు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. అసలు కదలకపోతే పైపు తగిలించి బలవంతం చేయకండి. సిలిండర్లలో తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలి మళ్లీ చూడండి.

నీళ్లు తగిలి ఒకటి రెండు రోజులే అయి, ఇంజిను తిరగకుండా ఉండి, సాఫీగా తిరిగితే విప్పకుండానే బయటపడే అవకాశం ఉంది. సిలిండర్లలోకి సన్న కెమెరా పంపి గోడలు చూడండి. శుభ్రంగా ఉంటే ఆయిల్, ఫిల్టర్లు మార్చి, నాజిళ్లు బిగించి, కంప్రెషన్ చూడండి. అన్ని సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక్కటి మిగతావాటికన్నా పది శాతానికి మించి తక్కువ ఉంటే వదలకూడదు. సరిగా ఉంటే పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆయిల్ మార్చాలి, మళ్లీ నడిపి మళ్లీ మార్చాలి. తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితం మడతల్లో లోహపు రజను ఉందేమో చూడాలి. కొన్ని గ్యారేజీల్లో సంపులో డీజిల్ పోసి ఇంజిను నడిపి ‘కడుగుతారు’. చేత్తో తిప్పుతూ కడిగితే అభ్యంతరం లేదు గానీ, డీజిల్ మీద బేరింగులు నడపడం నాకు నచ్చని పని.

హెడ్డు దించాక: రాడ్ల సంగతి

ఇంజిను తిరుగుతూ నీళ్లు మింగి ఉంటే, సెల్ఫ్ కొట్టి ఉంటే, బిగువు తేడాగా ఉంటే హెడ్డు దించాల్సిందే. ఆరు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పూర్తి పైకి తెచ్చి, బ్లాకు ముఖం నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో డయల్ గేజ్‌తో కొలిచి సుద్దతో రాయండి. సరైన కొలత ఆ ఇంజిను మాన్యువల్లో ఉంటుంది. మాన్యువల్ చేతిలో లేకపోయినా ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఐదు ఒకేలా ఉండి ఒక్కటి పావు మిల్లీమీటరు కిందికి ఉంటే ఆ రాడ్డు వంగినట్టే భావించి బయటికి తీయాలి.

ఆ అండర్‌పాస్ లారీని ముందు చూసిన గ్యారేజీలో ఈ కొలత తీసుకోలేదు. నీళ్లు తీసి, ఆయిల్ మార్చి, స్టార్ట్ చేసి ఇచ్చేశారు. కొంచెం తెల్ల పొగ, కొంచెం మోత, అంతే. మూడు వారాలు లోడు లాగింది. ఒకరోజు ఎత్తు ఎక్కుతుండగా ఐదో సిలిండరు రాడ్డు తెగి బ్లాకును పగలగొట్టుకుని బయటికి వచ్చింది. తర్వాత చూస్తే బ్లాకు పక్కన అరచేయి పట్టేంత కంత. ఒక రాడ్డు, ఒక పిస్టన్, ఒక లైనర్‌తో పోయేది మొత్తం ఇంజిను దాకా వచ్చింది.

వంగిన రాడ్డును ప్రెస్సులో పెట్టి సరిచేయించకండి, మార్చండి. కొత్త తరం ఇంజిన్లలో రాడ్డును, దాని క్యాపును ఒకే ముక్కగా చేసి విరిచి జతచేస్తారు. ఆ విరిగిన ముఖాలు ఒకదానిలో ఒకటి మాత్రమే అమరుతాయి. ఒకదాని క్యాపు ఇంకోదానికి పెట్టినా, అరగదీసినా అది చెత్తబుట్టకే.

బ్లాకు, క్రాంకు: తీర్పు ఇక్కడే

రాడ్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు కొనుక్కునే సామాను. బ్లాకు, క్రాంకు నిలబడతాయా అన్నదే అసలు సంగతి.

క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు) తుడిచి గోరు అడ్డంగా పోనివ్వండి. మరక మాత్రమే ఉండి గోరుకు ఏమీ తగలకపోతే పాలిష్‌తో పోతుంది. గోరు ఆగితే తుప్పు గుంట పడింది, గ్రైండింగ్ పట్టించాలి. 0.25, 0.50 మిల్లీమీటర్లు అంటూ వరసగా తగ్గిస్తూ పోయే కొలతల్లో బేరింగులు దొరుకుతాయి. మొదటి రెండు మెట్లలో శుభ్రపడితే క్రాంకు బతికినట్టు. అంతకన్నా లోతుకు వెళ్లాల్సి వస్తే, జర్నల్ మీది గట్టి పొర పోతుందా అని లేత్ షాపువాళ్లను గట్టిగా అడగండి. గ్రైండింగ్‌కు ముందు అయస్కాంతంతో పగుళ్ల పరీక్ష చేయించాలి. పగిలిన క్రాంకుకు గ్రైండింగ్ డబ్బులు దండగ.

బ్లాకులో చూడాల్సింది మీ ఇంజిను రకాన్ని బట్టి మారుతుంది. విడిగా జారే లైనర్లున్న ఇంజిన్లో గోడ తుప్పు పట్టినా లైనరు మార్చేస్తే సరి. వరద దెబ్బకు ఇది పెద్ద వరం. లైనరు లేకుండా బ్లాకులోనే బోరు ఉండే ఇంజిన్లూ ఉన్నాయి, 5.9, 6.7 లీటర్ల కమిన్స్ ఇంజిన్లు అలాంటివే. వీటిలో రింగులు ఆగిన చోట తుప్పు ఉంగరంలా గీత పడితే బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయాలి, లేదా స్లీవ్ దింపాలి. మంచి మెషీన్లు ఉన్న షాపులోనే ఆ పని చేయించాలి.

బ్లాకుకూ హెడ్డుకూ నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. కంత పడిన బ్లాకును అతికే పనికి పూనుకోకండి. పోత ఇనుముకు వెల్డింగ్ వేసేవాళ్లు ఆటోనగర్‌లో దొరుకుతారు, చేతి నైపుణ్యానికి దండం పెట్టవచ్చు. కానీ రోజూ 30 టన్నులు లాగే బండికి అది నమ్మకం కాదు.

ఉప్పునీళ్ల విషయంలో మాత్రం నా లెక్క కఠినంగా ఉంటుంది. సముద్రపు పోటులోనో, భీమవరం వైపు ఉప్పునీటి రొయ్యల చెరువులోనో మునిగిన ఇంజిను రెండు రోజులు తెరవకుండా ఉంటే అల్యూమినియం భాగాలను, వైరింగు జాయింట్లను ఉప్పు తినేసి ఉంటుంది. మంచినీటి వరదలో వారం ఉన్నదానికన్నా ఇది అధ్వానం.

ఇంజిను మార్చినా పోని ఖర్చు

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్‌-6 లారీ అయితే కాగితం మీద ఇంకో వరస రాయండి: ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు), వైరింగు, సెన్సర్లు, హై ప్రెషర్ పంపు, నాజిళ్లు, యూరియా పంపు, సైలెన్సరులోని ఫిల్టరు. తడిసిన ఇవేవీ కొత్త ఇంజిన్‌తో బాగుపడవు. నాజిళ్లను, పంపును టెస్ట్ బెంచి మీద పెట్టించి రిపోర్టు తీసుకోండి. ఈ మొత్తం రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి పోలికలో కలపకండి. బండి మీద ఇంకా డబ్బు పెట్టాలా వద్దా అన్న పెద్ద ప్రశ్నలో మాత్రం తప్పక కలపండి.

ఇప్పుడు లెక్క

కింది అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, మీ కొటేషన్లతో మార్చుకోండి. లారీ ఆగితే రోజుకు నష్టం కిస్తీతో కలిపి 4,000 రూపాయలు అనుకుందాం.

విప్పి బాగుచేయడం: 3.8 లక్షలు, 25 రోజులు. ఆగిన నష్టం లక్ష. మొత్తం 4.8 లక్షలు.

కంపెనీ నుంచి ఎక్స్చేంజ్ ఇంజిను (పాతది ఇచ్చి తీసుకునేది): 6.2 లక్షలు, 8 రోజులు. మొత్తం 6.52 లక్షలు.

సెకండ్ హ్యాండ్ ఇంజిను: 2.6 లక్షలు, తెరిచి బేరింగులు, గ్యాస్కెట్లు మార్చడానికి 80 వేలు, 6 రోజులు. మొత్తం 3.64 లక్షలు.

ఇక్కడితో ఆగితే సెకండ్ హ్యాండే చవక అనిపిస్తుంది. ఒక్కోటి ఎన్నేళ్లు నడుస్తుందో దానితో భాగించండి. బాగుచేసినది నాలుగేళ్లు, ఎక్స్చేంజ్ ఆరేళ్లు, సెకండ్ హ్యాండ్ రెండేళ్లు అనుకుంటే ఏడాదికి వరసగా 1.2, 1.09, 1.82 లక్షలు. వరస తలకిందులైంది. మళ్లీ బండి వయసు చూడండి. మల్టీ యాక్సిల్ కాని లారీకి నేషనల్ పర్మిట్ 12 ఏళ్ల వరకే, మల్టీ యాక్సిల్‌కు 15 ఏళ్లు. పదేళ్ల టూ యాక్సిల్ బండిని రాష్ట్రాలు దాటించి తిప్పుతుంటే, ఆరేళ్ల ఇంజిన్లో మీరు వాడుకునేది రెండేళ్లే. అప్పుడు 6.52 లక్షలను రెండుతో భాగించాలి.

నా మటుకు నేను పాటించేది ఇది. బ్లాకు, క్రాంకు రెండూ నిలబడి, బాగుచేసే ఖర్చు ఎక్స్చేంజ్ ఇంజిను ధరలో మూడింట రెండు వంతులు దాటకపోతే విప్పి బాగుచేస్తాను. రెండిట్లో ఒకటి పోతే కొటేషన్ పెరిగేది అక్కడే కాబట్టి మళ్లీ లెక్క వేస్తాను. రెండూ పోతే బాగుచేసే మాటే ఎత్తను. మెకానిక్‌ను మాత్రం మొదటే ఒక మాట అడగండి: ‘విప్పాక ఖర్చు పెరిగితే ఎక్కడ ఆపి నాకు ఫోను చేస్తావు?’

మార్చాలని తేలితే

సెకండ్ హ్యాండ్ ఇంజిను కొనేటప్పుడు అది ఏ బండిదో, ఆ బండి ఏమైందో కాగితాలు అడగండి. ఇంజిను నంబరు మీద గ్రైండర్ గీతలుంటే బేరం అక్కడే ఆపేయండి. సంపు తీసి కనీసం రెండు బేరింగులు చూడకుండా డబ్బు ఇవ్వకండి. వరదల తర్వాత ఐదారు నెలలు మార్కెట్లోకి వచ్చే ఇంజిన్లలో మునిగినవీ ఉంటాయి. వాల్వు కవరు లోపలి మూలల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే అది మీ పాత ఇంజిన్‌కు చుట్టమే.

ఇంజిను నంబరు మారితే ఆర్‌సీలో మార్పించడం తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తుంది. కొత్త ఇంజిను అదే రకానిది, అదే బీఎస్ ప్రమాణానిది అయి ఉండాలి. బండి ఫైనాన్సులో ఉంటే వాళ్ల అనుమతి పత్రం ముందే తీసుకోండి. తర్వాత బీమా పాలసీలోనూ నంబరు మార్పించండి. లేకపోతే వచ్చే క్లెయిములో ఇదే మొదటి ప్రశ్న అవుతుంది.

బాగుచేయించాలని తేలితే

కొటేషన్లో సామాను కంపెనీ పేరుతో సహా, లేత్ పని విడిగా, కూలి విడిగా రాయించండి. క్రాంకు కొలతలు, ఒత్తిడి పరీక్ష ఫలితం కాగితం మీద తీసుకోండి. ఆయిల్ కూలరును కడిగి వాడతామంటే ఒప్పుకోకండి, కొత్తది వేయించండి. అందులో ఇరుక్కున్న మట్టి ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త బేరింగులకు మొదట తగిలేది అదే. టర్బో షాఫ్టు ఆట, ఇంటర్‌కూలర్ శుభ్రం బిగించేముందు మీరే నిలబడి చూడండి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు, డీజిల్ అందకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్‌తో తిప్పమనండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతో, ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా వెళ్లాలి. వెయ్యి దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌నూ కోసి చూడండి. గాలి గొట్టం జాయింటు దగ్గర రబ్బరు బూటు కొత్తది వేశారో లేదో అప్పుడే ఇంకోసారి వంగి చూడండి.